నా క్లాసుకు బొమ్మ గీసిన పిల్ల

కొడుకు చేతిలోనూ శిష్యుడి చేతిలోనూ ఓడిపోవాలని కోరుకోవాలట. ఆ మాట అన్న మహానుభావుడెవరో నాకు తెలియదు గానీ, ఆయన శిష్యుడు ఆయన స్టాఫ్ రూములోనే పక్క కుర్చీ లాక్కుని కూర్చోలేదని మాత్రం ఒట్టేసి చెప్పగలను. నా శిష్యురాలు కూర్చుంది. శిష్యుల చేతిలో ఓడిపోతే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. కడుపులో మంటగా ఉంటుంది. మజ్జిగ తాగితే తగ్గే మంట కాదది.

నేను లెక్కల లెక్చరర్ని. విజయవాడ చుట్టుపక్కల పొలాల్లో ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా లేస్తున్న నైంటీల్లో, అలాంటి ఒక కాలేజీలో చేరాను. భవానీపురంలో మా ఇంటి సందు చివర కాలేజీ బస్సు ఎక్కితే, ఇంకా సున్నం వాసన పోని గోడల మధ్య దిగేదాన్ని. మొదటి సంవత్సరం పిల్లలకు లెక్కలు చెప్పడం నా పని. పెద్ద క్లాసులు ఇస్తామన్నా నేను తీసుకోలేదు. అప్పుడే ఇంటర్ హాస్టళ్ల నుంచి బయటపడి, బట్టీ పట్టి పట్టి కళ్లు లోతుకు పోయి, లెక్క అంటే జవాబు తప్ప మరేమీ కాదనుకునే పిల్లలు వాళ్లు. వాళ్లను మళ్లీ మనుషుల్ని చెయ్యడంలో ఒక రుచి ఉంది. అది మరిగినవాళ్లు మానలేరు.

నా క్లాసులో నేను ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుండేది. అర్థమైందా అని అడిగేదాన్ని కాదు. మా వైపు పిల్లల్ని ఆ ప్రశ్న అడగడం శుద్ధ దండగ. అడగడమే ఆలస్యం, "అయిందండీ" అని అందరూ కలిసి పాటలా అందుకుంటారు. వెనక బెంచీలో కునుకు తీస్తున్నవాడు కూడా నిద్రలోనే గొంతు కలుపుతాడు. అర్థం కాలేదంటే మేడంగారికి చెప్పడం రాలేదని మొహం మీద అన్నట్టేనని వాళ్ల భయం. అంత మర్యాదస్తులు. పైగా అందరికీ అర్థమై తనకొక్కడికే కాలేదేమోనని సిగ్గు. ఆ మర్యాదలో, ఆ సిగ్గులో లెక్కలు మునిగిపోవడం నేను ఎన్ని క్లాసుల్లో చూశానో.

అందుకని నేను తప్పు వేసేదాన్ని. బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ ఒకచోట మైనస్‌ను ప్లస్ చేసేసి, ఏమీ ఎరగనట్టు కింది లైనులోకి దిగిపోయేదాన్ని. తర్వాత కొంగు సర్దుకునే వంకతో ఆగేదాన్ని. ఎవరూ కదలకపోతే ఎవరికీ అర్థం కాలేదన్నమాట. మళ్లీ మొదటికి. కానీ మామూలుగా ఎవరో ఒకరి పెన్ను ఆగుతుంది. పై లైను చూస్తారు, కింది లైను చూస్తారు, ఆ తర్వాత తలెత్తి నా మొహం చూస్తారు. మేడం తప్పు చేసింది, అది నేను పట్టుకున్నాను అనే ఆనందం, పైకి చెప్పొచ్చో లేదో అనే బెరుకు, రెండూ ఆ చూపులో ఉంటాయి. నేను కళ్లతోనే చెప్పమంటే, అప్పుడు నోరు విప్పుతారు. ఆ చూపు కోసమే నేను ఆ బస్సు ఎక్కి దిగాను. జీతం రెండు నెలలు ఆలస్యమైనా ఎక్కి దిగాను. వేరే కాలేజీవాళ్లు ఎక్కువిస్తామని కబురు పంపినా వెళ్లలేదు.

నేను చెబుతున్న పిల్ల ఆ చూపు అందరికంటే ముందు చూసేది. కొండపల్లి నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చేది. వాళ్ల నాన్న థర్మల్ స్టేషన్లో పనిచేసేవారు. ఆదివారం చర్చి మానని కుటుంబం. కిటికీ పక్క కూర్చుని, నేను తప్పు వేసిన లైను పూర్తయ్యేలోపే తల ఎత్తేసేది. ఆ పిల్లను మినహాయిస్తే తప్ప మిగతా క్లాసు సంగతి తెలిసేది కాదు. అందుకని నేను తప్పు వేసే ముందే ఒకసారి ఆమె వైపు చూసి ఆగమన్నట్టు కళ్లెగరేసేదాన్ని. నవ్వు బిగబట్టుకుని కూర్చునేది. క్రిస్మస్‌కు వాళ్లమ్మ చేసిన గులాబీ పువ్వులు స్టీలు డబ్బా నిండా తెచ్చేది. ఇంటికి తీసుకెళ్లేలోపే బస్సులో సగం నేనే తినేసేదాన్ని.

ఆ పిల్ల ఎంటెక్ చేసి, రెండువేలు దాటిన కొన్నేళ్లకు మా కాలేజీలోనే కంప్యూటర్స్ లెక్చరర్‌గా చేరింది. చేరిన రోజు నేను స్టాఫ్ రూమంతా తిప్పి చూపించాను. నా స్టూడెంటు, నా స్టూడెంటు అని అటెండర్‌తో సహా అందరికీ చెప్పాను. అంత సంబరం ఎంతకాలం ఉందంటారా, సంక్రాంతి సెలవుల దాకా కూడా లేదు. ముందు చిన్న చిన్న వాటితో మొదలైంది. ఖాళీ పీరియడ్లో పిల్లలు ఆమె కుర్చీ చుట్టూ మూగేవారు, నా కుర్చీ దాటుకుని మరీ వెళ్లేవారు. కరస్పాండెంట్‌గారు, అంటే మా కాలేజీ యజమాని, ఇదివరకు ఏదైనా తోచకపోతే నన్ను పిలిపించేవారు. ఇప్పుడు ఆమెను పిలిపిస్తున్నారు. ఇవన్నీ లెక్కలోకి తీసుకునే విషయాలు కావని నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం ఏం లాభం, కళ్లలో నిప్పులు పోసుకోవడం అలవాటైపోయాక ఆపడం తేలిక కాదు. ఒకరోజు మా బస్సు ముందు ఒక ఆటో అడ్డంగా ఆగింది. దాని వెనక "నన్ను చూసి ఏడవకురా" అని రాసి ఉంది. ఊళ్లో సగం ఆటోల మీద ఉండే మాటే. ఆ రోజు మాత్రం నాకోసమే రాయించి పెట్టినట్టు అనిపించి, తల పక్కకు తిప్పుకున్నాను.

అసలు గొడవ ఆన్‌లైన్ కోర్సుతో వచ్చింది. కరస్పాండెంట్‌గారికి మా కాలేజీ కాక ఇంకో రెండు కాలేజీలు ఉండేవి. ఒకటి చల్లపల్లి అవతల. అక్కడికి లెక్కలు చెప్పేవాళ్లు వచ్చేవారు కాదు, వచ్చినా నిలిచేవారు కాదు. బియ్యం మిల్లుల నుంచి చదువుల్లోకి వచ్చిన మనిషి ఆయన. ఒక మిల్లు మూడు ఊళ్లకు ఆడించినప్పుడు ఒక పాఠం మూడు కాలేజీలకు ఎందుకు సరిపోదని ఆయన ప్రశ్న. అప్పుడే బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన కొత్త. పాఠాల పేజీలు కంప్యూటర్లో పెట్టేసి, పిల్లలు ల్యాబులో కూర్చుని చదువుకుంటే సరిపోదా అన్నారు. అందరూ సరిపోతుందన్నారు. ఆ పిల్ల సరిపోదంది.

మీటింగులో లేచి నిలబడి మెల్లగా చెప్పింది. పేజీలు పెడితే అది పుస్తకమే అవుతుందండీ, క్లాసు అవదు అంది. ఇల్లు కట్టేముందు ప్లాను గీసినట్టు, ముందు క్లాసును గీయాలట. ఎవరెవరు ఉంటారు, ఎవరు ఏం చేస్తారు, ఏది అయ్యాక ఏది, ఏం జరిగితే ఎటు వెళ్లాలి అన్నది గీయడానికి సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గర ఒక బొమ్మల భాష ఉందట. దానిలో పని అంటే మూలలు గుండ్రంగా ఉన్న డబ్బా, నిర్ణయం అంటే డైమండు, దారి అంటే బాణం, మనిషి అంటే పుల్లల బొమ్మ. మామూలు భాషలో రాస్తే ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీస్తారు. ఈ భాషలో గీసినదానికి ఒకటే అర్థం. కంప్యూటరు కూడా దాన్నే చదువుకుని, బాణం ఎటుంటే విద్యార్థిని అటు పంపిస్తుంది. ఇదంతా చెప్పి, మొదట ఏ సబ్జెక్టు అని కరస్పాండెంట్‌గారు అడిగితే, నా వైపు తిరిగి, మేడంగారి ఫస్టియర్ లెక్కలు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఏం చెయ్యను మరి.

కరస్పాండెంట్‌గారు వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, ఇది గానీ కుదిరితే మీకు ఇక ఈ గొంతు చించుకునే బాధ ఉండదమ్మా, ఎగ్జామ్ సెక్షన్లో నమ్మకమైన మనిషి కోసం ఎప్పటి నుంచో చూస్తున్నాం అన్నారు. ఆయన మంచి మాటే అనుకుని అన్నారు. ఎగ్జామ్ సెక్షన్ అంటే మెట్ల కింద గది. జవాబు పేపర్ల కట్టలు, లక్క, దారపు ఉండలు, ఒక ఫ్యాను. అక్కడికి వెళ్లినవాళ్లు మళ్లీ చాక్‌పీసు పట్టుకోవడం ఎవరూ చూడలేదు. ఆ రోజు బస్సులో కూర్చున్నాక నాకు విషయం పూర్తిగా ఎక్కింది. ఆ బొమ్మ కుదిరితే నా క్లాసు పోతుంది. కుదరకపోతే ఉంటుంది.

అప్పటి నుంచి ఆ పిల్ల నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని గీసుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఎలా గీస్తావో గీయి చూద్దాం అనుకుని, గీతకు అందకుండా చెప్పాలని చూసేదాన్ని. లెక్క మధ్యలో ఆపి పులిహోర సంగతి ఎత్తేదాన్ని, ఒకడి మీద జోకు వేసేదాన్ని, చివరి నుంచి మొదలెట్టేదాన్ని. ఆమె తల ఎత్తకుండా గీస్తూనే ఉండేది. మా ఆయనకు ఇదంతా మహా సరదాగా ఉండేది. ఇంటికి రాగానే, "ఏంటోయ్, మీ సవతి ఇవాళ ఏం గీసింది?" అని అడిగేవాడు. సవతి అన్న మాటకు కోపం వచ్చేది గానీ, అంతకంటే సరైన మాట నాకూ దొరకలేదు.

కొన్నాళ్లకు ఆ బొమ్మ స్టాఫ్ రూము గోడకెక్కింది. నాలుగు చార్టులు కలిపి అతికించింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు నిలబడి చూసేవారు. కొండపల్లి పిల్ల కదా, బొమ్మలు రాకుండా ఎలా ఉంటాయని ఫిజిక్స్ సార్ రోజుకోసారి అనేవారు. నేను దాన్ని ముగ్గు అనేదాన్ని. మీ ముగ్గులో ఇంకా ఎన్ని చుక్కలున్నాయమ్మా అని అడిగేదాన్ని. ఆమె నవ్వేది. ఎవరూ లేనప్పుడు మాత్రం దగ్గరికి వెళ్లి నన్ను నేను వెతుక్కున్నాను. కుడి పక్క అంచున దొరికాను. సున్నా తల, నాలుగు పుల్లలు, కింద ట్యూటర్ అని పేరు. చీర కూడా లేదు. నానుంచి ఒకే ఒక్క బాణం బయలుదేరి, సందేహాలు తీర్చుట అన్న డబ్బాలోకి వెళ్లి అక్కడితో ఆగిపోయింది. పదేళ్లకు పైగా చెప్పిన చదువు అంత పొట్టి బాణంలో పట్టడం చూసి నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుపులోనే ఇంకోటి కంటబడింది. ప్రతి పాఠం తర్వాతా ఒక డైమండు ఉంది. దాని లోపల "అర్థమైందా?" అని రాసి ఉంది. అవును అంటే బాణం తర్వాతి పాఠానికి. కాదు అంటే వెనక్కి. నాలుగు చార్టుల నిండా అదే. నా క్లాసులో ఏడాది కూర్చున్న పిల్ల, ఇప్పుడు మళ్లీ వెనక బెంచీలో కూర్చుని గీసుకున్న పిల్ల, ఆ ప్రశ్న ఎలా రాసిందా అని ముందు ఆశ్చర్యపోయాను. తర్వాత తెలిసింది. అర్థమైన పిల్లకు ఆ ప్రశ్నలో కష్టం ఏముంటుంది. ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పాల్సిన అవసరం రాలేదు. అర్థం కాని పిల్లలు ఎంత గట్టిగా అయిందండీ అంటారో ఆమెకు తెలిసే దారి లేదు. ట్యూటర్‌ను ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి ట్యూటర్ ఏమీ చెప్పలేదు. ఇందులో నా తప్పేమీ లేదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

కోర్సును ముందుగా చల్లపల్లి అవతలి కాలేజీలో పెట్టి చూశారు. కాలేజీ జీపులో నన్నూ తీసుకెళ్లారు. కాలవ గట్టు వెంట పోతుంటే రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. ఆ పిల్ల ఒళ్లో సీడీలు పెట్టుకుని వాటినే మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటోంది. భయపడుతోందని తెలుస్తూనే ఉంది. నేను కిటికీలోంచి చేలు చూస్తూ చాలా ప్రశాంతంగా ఉన్నాను.

ల్యాబులో ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరేసి ముగ్గురేసి సర్దుకున్నారు. మొదటి పాఠం తెర మీదకొచ్చింది. పిల్లలు కాసేపు శ్రద్ధగానే చదివారు. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. అర్థమైందా. మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు, పక్కవాడి మొహమైనా చూడకుండా, అవును నొక్కారు. రెండో పాఠం, అవును. మూడోది, అవును. ఇంతలో ల్యాబ్ అసిస్టెంట్ తలుపు దగ్గర నిలబడి, బస్సు టైమవుతోంది, అందరూ అవును కొట్టేసి లేవండమ్మా అన్నాడు. ల్యాబంతా టకటకమని అవును కొట్టేసింది. ఒక్కరంటే ఒక్కరు కాదు అనలేదు. కంప్యూటరుకైనా సరే, ఎదురు చెప్పడం మా పిల్లలకు చేతకాదు. సగం సంవత్సరం పాఠం ఒక మధ్యాహ్నంలో అయిపోయినట్టు కంప్యూటరు రాసుకుంది. కరస్పాండెంట్‌గారు ఎంత స్పీడు, ఎంత స్పీడు అని మురిసిపోయారు. ఆ పిల్ల మొహం మాత్రం అప్పటికే పాలిపోయింది.

వారం తర్వాత పరీక్ష పెడితే పేపర్లు తెల్లగా వచ్చాయి. కరస్పాండెంట్‌గారు ఆ పిల్లను అందరిలో నిలబెట్టి మాట్లాడారు. ఈ డబ్బాలు, బాణాలు గీయడానికా మేం జీతాలిచ్చేది, చార్టులు ఊడదీయించండి అన్నారు. ఆమె తల దించుకుని నిలబడింది గానీ కళ్లనీళ్లు పెట్టుకోలేదు. నాకు పండగలా ఉంది. దాచడం దేనికి, ఉంది. సాయంత్రం బస్సు దిగగానే లేత వంకాయలు కొని గుత్తి వంకాయ కూర చేశాను. మా ఆయన ఆ కూర వాసన చూసి, సవతికి జ్వరం గానీ వచ్చిందా అన్నాడు. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఆ తర్వాతి ఆదివారం చర్చి అయ్యాక, తెల్లచీర మార్చుకోకుండానే ఆ పిల్ల భవానీపురంలో మా ఇంటికి వచ్చింది. చంకలో చార్టుల చుట్ట. చెయ్యి ఖాళీ లేదు పొమ్మందామనుకున్నాను. కానీ ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా ఎలా పంపుతాం. నేను కాఫీ తెచ్చేలోపు మంచం మీద చార్టు పరిచేసింది.

డైమండ్లన్నీ పోయాయి. వాటి చోట కొత్త డబ్బా ఉంది. తెర మీద లెక్క ఒక్కో లైనూ తనంతట తాను నడుస్తుంది. ఒకచోట కావాలనే ఒక లైను తప్పుగా పడుతుంది. కంప్యూటరు ఏమీ ఎరగనట్టు కింది లైనుకు వెళ్లి ఆగుతుంది. తప్పు పడిన లైను మీద విద్యార్థి నొక్కితే ముందుకు. ఎవరూ ఏమీ నొక్కకపోతే వెనక్కి, అదీ వచ్చిన దారిలో కాకుండా ఇంకో సులువైన లెక్క మీదుగా. నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను.

"ఇది నాది," అన్నాను.

"మీదేనండి. కళ్లు మూసుకుని మీ క్లాసులో మళ్లీ కూర్చున్నానండి. మీరు ఎప్పుడూ అర్థమైందా అని అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది."

అలా మెత్తగా ఒప్పేసుకునేవాళ్లతో పోట్లాడడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు. నేను కళ్లజోడు పెట్టుకుని చార్టు మీదకు వంగాను. ఎక్కడో ఒక తప్పు దొరక్కపోతుందా, దొరికితే ఆ చార్టు చుట్టి చేతిలో పెట్టనా అనుకుంటూ, మొదటి డబ్బా నుంచి ప్రతి బాణం వెంటా వేలు పెట్టుకుని వెళ్లాను. ఇది ముగ్గు, నాకు రాదు అని అంతవరకూ అంటూ వచ్చిన దాన్ని ఎప్పుడు చదవడం మొదలెట్టానో నాకే తెలియదు. కాఫీ చల్లారిపోయింది. చివరికి దొరికింది. తప్పు లైను పట్టుకున్నవాడికి దారి ఉంది. పట్టుకోనివాడికి దారి ఉంది. సరైన లైనును తప్పని నొక్కినవాడు ఎక్కడికి వెళ్తాడు? వాడికి బాణమే లేదు. క్లాసులో అలాంటివాళ్లే కదా ఎక్కువ, పాపం. వాళ్లకు సగం వచ్చు, సగం రాదు. అందరికంటే ముందు చూసుకోవాల్సింది వాళ్లను. నాకు పట్టలేని సంతోషం వచ్చింది. ఆ చోట వేలు నొక్కిపెట్టి తల ఎత్తి ఆ పిల్ల మొహంలోకి చూశాను.

ఆమె నవ్వు బిగబట్టుకుని కూర్చుని ఉంది.

"మీరు పట్టుకుంటారో లేదో చూద్దామని వదిలేశానండి," అంది.

ఆ క్షణంలో నా మొహం ఎలా ఉందో నేను చూసుకోలేదు, ఆమె చూసింది. కోపం తలకెక్కింది. నా మీదే వేస్తావా అన్నాను. అంటూనే నవ్వొచ్చేసింది, ఆపుకోలేకపోయాను. లోపల గదిలోంచి మా ఆయన ఏంటా నవ్వులు అని తొంగి చూసి వెళ్లాడు. కానీ నవ్వితే మంట చల్లారుతుందనుకుంటే పొరపాటు. నా విద్య నాకే వడ్డించిందన్న ఉక్రోషం ఇంకా పెరిగింది. ఇంత బాగా నేర్చుకోమని ఎవరు చెప్పారు.

ఆ తర్వాత నేను చేసిన పని ఎందుకు చేశానని మా ఆయన చాలాసార్లు అడిగాడు. చార్టు తిప్పి పంపేస్తే నా క్లాసు నాకుండేది. కరస్పాండెంట్‌గారికి అప్పటికే దాని మీద మనసు విరిగిపోయింది. కానీ ఆ చార్టు నా మంచం మీద పరిచి ఉంది, అందులో నా క్లాసు ఉంది, అది సరిగ్గా లేదు. ఈ పిల్ల ఇవాళ కాకపోతే రేపు దాన్ని ఎక్కడో పెడుతుంది. నా క్లాసు పోలికలతో ఒక నాసిరకం క్లాసు ఊళ్లు తిరుగుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా? దానికంటే నా చేత్తో నేనే పంపడం నయం. ఇది త్యాగం అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అసూయే. ఆమె బొమ్మ కంటే నా క్లాసు గొప్పదని ఆమె బొమ్మలోనే రుజువు చేయాలన్న పంతం.

ఆదివారాలు ఆమె వచ్చేది. తప్పు ఎక్కడ వేస్తే పిల్లలు నమ్ముతారో, ఎక్కడ వేస్తే ఇదేదో కావాలని వేశారని పసిగడతారో చెప్పాను. ఎంతసేపు ఆగాలో చెప్పాను. ఆమె తొందరగా ముందుకు పోనిచ్చింది. ఆగు, పిల్లవాడికి అనుమానం రావడానికి టైమివ్వు అని పోట్లాడాను. ఇద్దరు ముగ్గురు ఒకే మౌస్ పట్టుకుంటే ముందు ప్రతి ఒక్కరూ ఎవరి కాగితం మీద వాళ్లు తప్పు లైను ఏదో రాసుకున్నాకే నొక్కాలని పెట్టించాను. సరైనదాన్ని తప్పన్నవాడి కోసం అన్నిటికంటే పొడుగైన దారి గీయించాను. పెన్సిలు ఆమె చేతిలోంచి లాక్కుని నేనే గీసిన బాణాలు కూడా ఉన్నాయి. వంకరగా ఉన్నాయని ఆమె దిద్దబోతే ఒప్పుకోలేదు.

చల్లపల్లి అవతలి కాలేజీలో మళ్లీ పెట్టారు. ఈసారి పిల్లలు బస్సు పిలిచినా లేవలేదట. పరీక్ష పేపర్లు నిండుగా వచ్చాయి. కరస్పాండెంట్‌గారు మీటింగు పెట్టి ఆ పిల్లకు శాలువా కప్పారు. ఆమె ఆ శాలువా తీసి నాకు కప్పబోయింది, ఇదంతా మేడంగారి క్లాసేనండి, నేను గీశానంతే అంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. నాకు మాత్రం శాలువా కంటే ఆ మంచితనానికే ఎక్కువ ఉక్కపోసింది. కాస్తయినా గర్వం చూపిస్తే నాకు తిట్టుకోవడానికి వీలుండేది, ఆ వీలూ లేకుండా చేసింది.

కొత్త సంవత్సరం టైంటేబుల్లో ఫస్టియర్ లెక్కల ఎదురుగా నా పేరు లేదు. ల్యాబ్ నంబరు ఉంది. నేను మెట్ల కింద గదిలోకి వెళ్లాను. కట్టలు కట్టడం, సీలు వేయడం, నంబర్లు సరిచూడడం. పని చెడ్డదేమీ కాదు. ఎవరూ మూగరు, ఎవరూ దాటుకుని వెళ్లరు. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం కిందికి దిగి వచ్చి, క్యారేజీ విప్పి నాతోనే తినేది. ఆమెకు వేరే కోర్సులు కూడా వచ్చాయి, ఇంకో ఊళ్లో ఇంకో పెద్ద కాలేజీ పిలుస్తోంది. ఏం గీస్తున్నావు ఇప్పుడు అని నేను అడగకుండా ఉండలేకపోయేదాన్ని. చెప్పేది. విన్న ప్రతిసారీ కడుపు మండేది, మర్నాడు మళ్లీ అడిగేదాన్ని.

ఆ ఏడాది మొదటి ఇంటర్నల్ పరీక్షలకు హాజరు షీట్లు కావాల్సి వచ్చి, ఒక మధ్యాహ్నం నేనే ల్యాబుకు వెళ్లాను. ఫస్టియర్ పిల్లలు. చెప్పులు బయట వరసగా ఉన్నాయి. లోపల ఏసీ చలి, ఎవరి తెర ముందు వాళ్లు. నేను పక్క గోడను ఆనుకుని నిలబడ్డాను. నాకు దగ్గరగా కూర్చున్న అమ్మాయి తెర మీద లెక్క నడుస్తోంది. ఆ లెక్క నాది, ఎక్కడ తప్పు పడుతుందో నాకు తెలుసు. పడింది. తెర కింది లైనుకు వెళ్లి ఆగింది, నేను చెప్పినంతసేపూ ఆగింది. ఆ అమ్మాయి పెన్ను ఆపింది. పై లైను చూసింది. కింది లైను చూసింది. ఆమె వీపు నిటారుగా అయింది. ఇప్పుడు తల ఎత్తుతుంది అనుకున్నాను. ఎత్తింది. మెరుస్తున్న కళ్లతో, కొంచెం బెరుగ్గా, ఆ మానిటర్ మొహంలోకి చూసి నవ్వింది.

నేను రెండడుగులు ముందుకు వేసి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. నవ్వు పోయింది. ఎవరో పెద్దావిడ వచ్చిందని చున్నీ సర్దుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"మీరు ఏ సబ్జెక్టు చెప్తారండీ మేడం?"

"ఎగ్జామ్ సెక్షనమ్మా," అన్నాను. "కూర్చో, కూర్చో. నీ లెక్క ఆగిపోతుంది."